మా ఊరి బీడు సోలార్‌కు ఇవ్వాలా, జింకలకు వదలాలా?

నందికొట్కూరు_నాగు

అందరికీ నమస్కారం. మాది నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉండే ఊరు. పేరు చెప్పను. మా మామ కూడా ఈ చర్చలు చదువుతాడు, ఆయన సోలార్ పక్షం.

ఊరికి దక్షిణంగా 120 ఎకరాల మేత పోరంబోకు ఉంది. మేం బీడు అంటాం. వానలు పడితే మోకాలెత్తు గడ్డి, ఎండాకాలంలో రాళ్లు. పోయిన నెల గ్రామసభలో ఒకాయన లేచి, సోలార్ వాళ్లు అడుగుతున్నారు, ఊరికి ఏటా కౌలు వస్తుంది అన్నాడు. సగం మంది అక్కడికక్కడే సరే అన్నారు. డబ్బు కోసమే అనుకోకండి. జింకల మీద కోపం.

తెలియనివాళ్లకు కొంచెం చెప్తాను. రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటారు) కోసం అభయారణ్యం చేశారు. మొత్తం 614 హెక్టార్లు, అంటే 1,500 ఎకరాల పైచిలుకు. పిట్ట కోసం గడ్డిని కాపాడారు. చుట్టూ కాలువ నీళ్లొచ్చి పంటలు మారిపోయాయి. పిట్ట తగ్గుతూ పోయింది, జింకలు పెరుగుతూ పోయాయి. అభయారణ్యం హద్దు రాయి ఎక్కడుందో జింకకేం తెలుసు? పప్పుశనగ నాలుగాకులు వేసేసరికి మందలు దిగుతాయి. మొక్కను పీకవు, చిగురు తుంచి పోతాయి. పొద్దున పోయి చూస్తే చేనంతా మంగలి కత్తెర పెట్టినట్టు సమంగా ఉంటుంది.

మా నాయన చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. మొదటి వారం జడిశాయి. రెండో వారం మా అమ్మ ఆకుపచ్చ చీరకు ఒళ్లు రుద్దుకుంటూ ఒక మగ జింక నిలబడి ఉంటే నేనే ఫోటో తీశాను. నష్టపరిహారానికి అదే ఫోటో పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, ఇందులో జింక మేస్తున్నట్టు లేదు కదయ్యా అన్నారు. నిజమే, మేయడం అయిపోయాక తీశాను.

ఇంకోవైపు నలభై కుటుంబాలు ఆ బీడు మీద గొర్రెలు మేపుతున్నాయి. కంచె పడితే వాళ్ల గతి ఏంటి? వచ్చే నెల మళ్లీ గ్రామసభ ఉంది. ఊరి భూమిని ఊరే చూసుకుంటూ, జంతువులతో సర్దుకుపోతున్న చోట్లు మన సీమలో ఉన్నాయా? ఉంటే ఎలా నడుస్తున్నాయి? ఉపన్యాసాలు వద్దు, చూసింది చెప్పండి.

పప్పుశనగ_రైతు

నాగన్నా, అంత ఆలోచన ఎందుకు? ఇచ్చేయండి. జింకను కొడితే జైలు, జింక మనల్ని కొడితే కాగితం. నేను మూడేళ్లుగా రాత్రుళ్లు మంచె మీదే పడుకుంటున్నా. డబ్బా కొట్టీ కొట్టీ డబ్బా సొట్టలు పోయింది, జింకలు మాత్రం బాగానే ఉన్నాయి.

కెమెరా_కర్నూలు

దయచేసి ఇవ్వకండి. బట్టమేక పిట్టలు బయట స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తం మీద సుమారు 150 మాత్రమే. ఆడ పిట్ట సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. కుక్క తొక్కినా, గొర్రె తొక్కినా ఆ ఏడాది అంతే. నేల నెమలి (లెసర్ ఫ్లోరికన్ అనే పిట్ట) కూడా వానాకాలంలో ఇలాంటి గడ్డికే వచ్చేది. మగది గడ్డిలోంచి పైకి ఎగిరి దూకుతుంది, రోజుకు కొన్ని వందల సార్లు. ఒక్కసారి చూస్తే జన్మలో మరిచిపోరు. ఊరివాళ్లు కాస్త త్యాగం చేయాలి.

పప్పుశనగ_రైతు

త్యాగమా! పోయిన సెప్టెంబరులో ఒక జీపు జింకల వెంటపడి నా కొర్ర చేలోంచి పోయింది. చక్రాల గాడి కోతల దాకా కనబడింది. అందులో ఉన్నవాళ్ల మెడలో కూడా కెమెరాలే ఉన్నాయి. ఆ త్యాగం ఎవరి ఖాతాలో వేయాలి సార్?

కెమెరా_కర్నూలు

ఆ జీపు నాది కాదు. కానీ చేసింది తప్పే. త్యాగం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

ధర్మవరం_గొర్రెలోడు

నాగు గారూ, మీరు అడిగినలాంటి చోటు మా వైపు ఉంది. కల్పవల్లి. చెన్నేకొత్తపల్లి నుంచి ముష్టికోవెల వైపు పోతే కొండలు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు, మా నోటికింకా అనంతపురమే వస్తుంది.

మా తాత చిన్నప్పుడు ఆ కొండలు బోడిగా ఉండేవంట. 1990ల మొదట్లో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి ఏడు వేల ఎకరాల పైచిలుకు బంజరును కాపాడటం మొదలుపెట్టారు. ఊరూరా చెట్ల పెంపకందార్ల సహకార సంఘాలు పెట్టుకున్నారు. మొక్కలు నాటింది తక్కువే. ఎక్కువగా చేసింది ఏందంటే, ఉన్నదాన్ని కాలిపోకుండా చూసుకున్నారు. మొదళ్లు బతికే ఉంటాయి కదా, మంట పడకపోతే వాటంతట అవే లేస్తాయి. ఇప్పుడు వాగుల్లో ఈత చెట్లున్నాయి, చీపుర్లకు ఆకు కోసుకుంటారు. కప్పులకు బోద గడ్డి. తోడేళ్లు కూడా ఉన్నాయి. గొర్రెలోడిగా నాకు అది సంతోషమైన వార్త కాదు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

అసలు పనంతా నిప్పుతోనే. మా వాళ్లలో ఒక నమ్మకం ఉంది, ఎండు గడ్డి కాలిస్తే కొత్త గడ్డి తియ్యగా వస్తుందని. వస్తుంది, అబద్ధం కాదు. కానీ దాంతోపాటు చిన్న మొక్కలన్నీ బూడిదవుతాయి. రెండేళ్లు పోతే మేత పలచబడుతుంది. అందుకని గడ్డి ఎండగానే ఫైర్ లైన్లు తీస్తారు, అంటే కొన్ని గజాల వెడల్పున గడ్డి కోసి నేల తేటగా చేస్తారు. ఎండాకాలం కావలివాళ్లు కొండ మీదే ఉంటారు. నేనూ ఒకసారి మంట ఆర్పడానికి పోయాను. నీళ్లు ఉండవు. పచ్చి కొమ్మలు పట్టుకుని కొట్టడమే. గట్టిగా విసిరి కొడితే నిప్పురవ్వలు అవతల పడతాయని ఒక ముసలాయన నన్ను తిట్టాడు. కొమ్మను మంట మీద అదిమి లాగాలి. నా కనుబొమ్మలు రెండు నెలలు లేవు.

మీకు ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్తా. అంత చేసినా ఆ భూమి కాగితాల్లో రెవెన్యూ బంజరే. 2010 తర్వాత అక్కడ గాలిమరలు వచ్చాయి. కొండల మీద రోడ్లు కోశారు. తగాదా హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇరవై ఏళ్లు కాపాడినోళ్ల చేతిలో హక్కు కాగితం లేదు. కాబట్టి చెట్టు కన్నా ముందు కాగితం చూసుకోండి.

నందికొట్కూరు_నాగు

అన్నా, ఇది నాకు కావలసిన సమాధానం. ఒక డౌటు. మీ దగ్గర మేపడం మానిపించారా?

ధర్మవరం_గొర్రెలోడు

మానిపిస్తే ఎవరు కాపాడతారప్పా? మంట కనబడగానే ముందు పరిగెత్తేది గొర్రెలోడే, ఎందుకంటే కాలేది వాడి మేత. నరకడం మీద, నిప్పు మీద కట్టుబాటు ఉంది. మేపుకోవచ్చు.

పాత_బీట్_ఆఫీసర్

కర్నూలు, కడప అడవుల్లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రెండు మూడు విషయాలు చెప్తాను, కొన్ని మా వాళ్లకు నచ్చకపోవచ్చు.

మన రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం 1992లో మొదలైంది. ఊరికో వన సంరక్షణ సమితి. తర్వాత 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సామాజిక అటవీ యాజమాన్యం అని పేరు మారింది. ఆ డబ్బు వచ్చినన్నాళ్లు కందకాలు తవ్వాం, చెక్ డ్యాములు కట్టాం, మీటింగుల్లో బిస్కెట్లు పెట్టాం. చైర్మన్ సంతకం, మా వాళ్ల సంతకం రెండూ ఉంటేనే బ్యాంకులో డబ్బు కదిలేది. కాబట్టి సమితి పేరు ఊరిది, తాళంచెవి మాది. పథకం అయిపోయాక చాలా ఊళ్లలో రిజిస్టరుకు చెదలు పట్టింది. ప్రజలకు శ్రద్ధ లేదని రిపోర్టుల్లో రాశాం. నేనూ రాశాను. కూలి ఇచ్చి పిలిస్తే కూలికొస్తారు, అందులో వాళ్ల తప్పేముంది?

నా బీట్‌లో ఒక్క సమితి మాత్రం నిలబడింది. అక్కడ సీతాఫలం ఉంది. కాయ పొరలు విచ్చుకుని తెల్లబడేదాకా ఎవరూ కోయకూడదని ఆడవాళ్లు కట్టుబాటు పెట్టుకున్నారు. పచ్చికాయ కోసినవాడు సొంత మరిదైనా జరిమానా కట్టాల్సిందే. ఆ డబ్బు మా సంతకం అవసరం లేని డబ్బు. నిలబడటానికి అదే కారణమని నా నమ్మకం.

ఇప్పుడు కాగితం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణతో రెండు దారులు వచ్చాయి. ప్రభుత్వ భూమి అయితే, ముఖ్యంగా అభయారణ్యాల పక్కన ఉన్నది, కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించవచ్చు. ముందు అక్కడి ప్రజలతో సంప్రదించాలి. ఊరి ఉమ్మడి భూమి లేదా సొంత పట్టా భూమి అయితే, యజమానులే ముందుకొస్తే, కమ్యూనిటీ రిజర్వు. దాని కమిటీలో పంచాయతీ పంపినవాళ్లే ఎక్కువ, అటవీశాఖ నుంచి ఒకరు. కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం రెండూ లేకుండా ఆ భూమిని వేరే పనికి మార్చడానికి వీల్లేదు. నాగు చెప్పిన మేత పోరంబోకు ఈ రెండిటిలో దేని కిందికి వస్తుందో అడంగల్, అంటే ఊరి భూముల రికార్డు, చూస్తే గానీ తేలదు. ముందు మండల ఆఫీసుకు పోయి అది తీయించు.

అంతకన్నా తేలికైంది ఇంకోటి ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. మీ ఊరికి కాగితం మీద ఉండే ఉంటుంది, సభ్యుడినని సభ్యుడికే తెలియకపోవచ్చు. బీడులో ఏ గడ్డి ఉంది, ఏ పిట్ట ఉంది, ఎవరు దేనికి వాడుకుంటున్నారు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో రాయించండి. రేపు ఎవరైనా వచ్చి ఇది పనికిరాని బంజరు అంటే ముందు పెట్టడానికి ఒక పుస్తకం ఉంటుంది.

పప్పుశనగ_రైతు

సార్, రిజిస్టరు జింకను ఆపుతుందా?

పాత_బీట్_ఆఫీసర్

ఆపదు. సోలార్ కూడా ఆపదు. 120 ఎకరాలకు కంచె పడితే అక్కడ మేసే జింకలు చచ్చిపోవు కదా, మిగిలిన చేలలోకి వస్తాయి. నీ చేను ఆ బీడుకు ఎటువైపుందో నాకు తెలీదు, ఆనుకుని ఉంటే మాత్రం మంచె ఇంకా ఎత్తు కట్టుకో.

ఓర్వకల్లు_సుబ్బు

సోలార్‌ను మరీ రాక్షసిని చేయకండి. మా పక్కన గని, శకునాల దగ్గర 5,900 ఎకరాల పైన ప్యానెళ్లున్నాయి, వెయ్యి మెగావాట్లు, 2017లో మొదలైంది. కరెంటు అందరికీ కావాలి, బోర్లకూ కావాలి. కాకపోతే ప్రతి రాళ్ల నేలనూ వేస్ట్ ల్యాండ్ అని రాసేస్తారు, అక్కడే నాకు మండుతుంది. గొర్రె దానిమీదే కదా బతికేది!

బైర్లూటి_బిడ్డ

నేను చెంచును. ఆత్మకూరు అడవిలో ప్రొటెక్షన్ వాచర్‌గా చేస్తున్నా. ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మాది గడ్డి కాదు, పెద్దడవి. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. అయినా విషయం ఒకటే అనిపించి రాస్తున్నా. పులి అడుగు ఏది, చిరుత అడుగు ఏది అని మాకు ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. మా నాయన వెంట తేనెకు పోయినప్పుడు నేర్చుకున్నాం. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కడుతున్నారు. ఏ చెట్టుకు కట్టాలో మమ్మల్నే అడుగుతారు. పులి ప్రతి దారిలో నడవదు, మెత్తటి మట్టి దారి ఉంటే దానిమీదే నడుస్తుంది, మనలాగే.

తేనె సంగతి చెప్తా. కొండ అంచు నుంచి తాడు మీద దిగుతాం. పైన తాడు పట్టుకునేది బామ్మర్దే. వాడు తాడు వదిలితే వాడి అక్క తాళి తెగుతుంది, అందుకని. తేనెపట్టు మొత్తం కోయం, కొంత వదిలేస్తాం. తేనె, తపసి బంక గిరిజన సహకార సంస్థ జీసీసీకి అమ్ముతాం.

నాగు అన్న ఊరు అడవి అంచు కాదు గానీ, 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో జరిగింది అందరూ వినే ఉంటారు. నాలుగు పులి పిల్లలు ఊరి పక్కన దొరికాయి. కుక్కలు పీక్కుతినకుండా ఊరివాళ్లు వాటిని ఒక గదిలో పెట్టి అధికారులకు చెప్పారు. తల్లి కోసం రోజుల తరబడి అడవంతా గాలించారు. కలపలేకపోయారు, చివరికి తిరుపతి జూకు పంపారు. తల్లి పులి ఆ చుట్టుపక్కలే ఉందని తెలిసి కూడా ఊళ్లోవాళ్లు ఆ పిల్లల మీద చెయ్యి చేసుకోలేదు. అది ఎవరూ ఆర్డరు వేసి చేయించింది కాదు.

మాకూ కష్టాలున్నాయి. జీతం నెల నెలా రాదు, రెండు మూడు నెలలకోసారి కలిపి వస్తుంది. షాపులో అప్పు పెట్టి బియ్యం తెచ్చుకుంటాం. అడవిని కాపాడేవాడు అప్పుల్లో ఉంటే, రాత్రిపూట బండి వేసుకొచ్చి డబ్బు చూపించేవాడికి ఎంత సులువో ఆలోచించండి. మీ ఊళ్లో కావలివాడిని పెడితే వాడి కూలి ముందు ఖాయం చేయండి.

లంకమల_కడప

బైర్లూటి తమ్ముడు చెప్పింది చదివి మా కడప సంగతి గుర్తొచ్చింది. కలివికోడి అనే పిట్ట. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో దాన్ని పుస్తకానికెక్కించాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందని రాసేశారు. పుస్తకాల్లో అంతరించింది గానీ లంకమల పక్క ఊళ్లలో దానికి పేరుంది! కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి కలివికోడి. కలివి పండ్లు మేం బడి ఎగ్గొట్టి తిన్నవే, పాలు కారి పెదాలు అతుక్కుపోయేవి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ అనే పరిశోధకుడు వచ్చి ఊరూరా బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి ఐతన్న రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. ఆ పిట్ట బతకలేదు. కానీ ఆ జాతి ఉందని ప్రపంచానికి తెలిసింది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ దాని పొదల మీదుగా పోతుంటే కాలువ దారి కూడా మార్చారు. ఇంత కథకూ మొదలు ఒక వేటగాడి టార్చి లైటు.

మీ బీడుకు పనికొచ్చే ముక్క ఇంకోటి. ఆ పిట్ట మీద పరిశోధన చేసినవాళ్లు సాయంత్రం దారిలో మెత్తటి మట్టి పరిచి, పొద్దున దానిమీద అడుగులు చూసేవాళ్లు. ఖర్చు లేని పని. తేలిందేమంటే, పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోట పిట్ట ఎక్కువగా తిరుగుతుంది. మరీ దట్టమైనా వద్దు, మరీ బోడి అయినా వద్దు. కాబట్టి మనుషులనూ మేకలనూ మొత్తం వెళ్లగొట్టి తాళం వేస్తే పిట్టకు మంచిదని అనుకోకండి. అట్లని విచ్చలవిడిగా నరికితే అసలుకే మోసం. కొలత తెలిసి మేపాలి. ఆ కొలత ఆఫీసులో కూర్చుంటే తెలీదు.

చిలమత్తూరు_చిన్నమ్మి

మా వీరాపురం ఎవరూ చెప్పలేదేం? హిందూపురం దాటి వస్తే మా ఊరు. ఏటా కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. పుట్టింటికి కాన్పుకొచ్చిన ఆడబిడ్డల్లాగే చూస్తాం, ఎవరూ రాయి కూడా వేయరు. రాకపోతే ఆ ఏడు వానలుండవని మా అవ్వ దిగులు పడేది. టీవీ వాళ్లు వచ్చినప్పుడల్లా సైబీరియా కొంగలు అంటారు. సైబీరియా కాదు, అవి మన దేశపు కొంగలే. చెప్తే వినరు, సైబీరియా అంటేనే వాళ్లకు బాగుంటుంది.

కష్టం లేదనుకోకండి. చెట్టు కింద ఇల్లున్నవాళ్లకు ఆ ఆరు నెలలు వాసన. పైనుంచి కింద పడిన చేప ముక్కలు ఏరిపారేయాలి. మా పిన్ని ముగ్గు వేసి లోపలికి పోయి వచ్చేసరికి ముగ్గు మీద ఇంకో ముగ్గు పడి ఉంటుంది. అయినా చింతకొమ్మ కొట్టనివ్వదు.

పప్పుశనగ_రైతు

కొంగ నా శనగ తింటే అప్పుడు మాట్లాడదాం అక్కా.

చిలమత్తూరు_చిన్నమ్మి

అదీ నిజమేలే. మా చెరువులో చేపలు తింటాయి, పంట జోలికి రావు. మీ బాధ వేరు.

నందికొట్కూరు_నాగు (ఐదు వారాల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. గ్రామసభ అయింది. నిన్నటి దాకా టెన్షన్‌తో ఏమీ రాయలేకపోయాను.

పాత బీట్ ఆఫీసర్ గారు చెప్పినట్టు అడంగల్ తీయించాను. 120 అనుకున్నది కాగితంలో 112. ఎనిమిది ఎకరాలు ఎవరి చేలల్లో కలిసిపోయాయో ఊళ్లో అందరికీ తెలుసు, సభలో ఎవరూ నోరెత్తలేదు. అందులో రెండెకరాలు మామవి. బహుశా అందుకేనేమో, కొలత గొడవ రాకుండా ఆయన ఈసారి సోలార్ మాట ఎత్తలేదు.

తీర్మానం పూర్తిగా మనవైపు రాలేదు. సోలార్ సంగతి ఏడాది వాయిదా వేశారు. ఈలోగా గొర్రెల వాళ్ల నుంచి ఐదుగురు, బీడు ఆనుకుని చేలున్నవాళ్ల నుంచి నలుగురు, ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఒక కమిటీ. పప్పుశనగ_రైతు గారు ఎవరో నాకిప్పుడు తెలిసిపోయింది. మా పక్క వీధే. ఆయనా కమిటీలో ఉన్నాడు, ఉండనని రెండుసార్లు లేచాడు, రెండుసార్లూ భార్య కూర్చోబెట్టింది.

జింకల నష్టానికి ఇప్పటికి అనుకున్నది ఇదీ: బీడు అంచున ఉన్న చేలల్లో శనగ మొలిచిన మొదటి నెల కావలికి గొర్రెల వాళ్ల కుర్రాళ్లు పోతారు. బదులుగా కోతలయ్యాక వాళ్ల మంద ఆ చేలల్లోనే నిలపాలి, ఎరువుకు రైతు డబ్బు ఇవ్వాలి. ఎంత అన్నది తేలలేదు. ఆ ఒక్క మాట మీదే రాత్రి పది దాటింది. నష్టపరిహారం అర్జీలు ఎవరికి వాళ్లు కాకుండా కమిటీ తరఫున అన్నీ ఒకేసారి పెడతాం, ఫోటోలో తేదీ, సర్వే నంబరు కనబడేలా. ఈసారి జింక మేస్తుండగా తీయమని నాకు అప్పజెప్పారు.

ధర్మవరం అన్నా, ఆదివారం ఫైర్ లైన్ తీస్తున్నాం. రోడ్డు వైపు చాలా, నాలుగు పక్కలా తీయాలా? బీడీలు తాగేది అంతా రోడ్డు వైపే.

ధర్మవరం_గొర్రెలోడు

గాలి మీకు ఎటునుంచి వీస్తుందో చూసి ఆ వైపు ముందు తీయండి, తర్వాత రోడ్డు వైపు. కోసిన గడ్డి అక్కడే వదలకండి, అదే మళ్లీ అంటుకుంటుంది. మోసుకుపోయి గొర్రెలకు వేయండి. తెల్లారుజామునే మొదలుపెట్టండి, పది గంటలకల్లా ఆపేయండి.

పప్పుశనగ_రైతు

కొడవళ్లు మా ఇంట్లో ఆరున్నాయి. నాగూ, పొద్దున్నే వచ్చి తీసుకుపో. టీ కూడా తాగిపోదువు.